మెట్టు దిగిన పాట

అనగనగా సముద్రాలకి అవతల, కొండ కింద ద్రాక్షతోటలున్న ఒక ఊళ్ళో థెరెజా అని ఒకావిడ ఉండేది. ఆవిడ గొంతెత్తితే బండివాళ్ళు బండ్లు ఆపుకుని వినేవాళ్ళు. ఆవిడ కూతురు మినా. అమ్మ పాడుతుంటే మినా పియానో వాయించేది. పియానో అంటే మన హార్మోనియానికి పెద్దక్కలే, బుజ్జీ.

ద్రాక్ష కోతలయ్యాక ఊరంతా ఒకచోట చేరి ఊరి పాట వినడం అక్కడి ఆచారం. మూడు చరణాల పాట, ఏటా థెరెజాయే పాడేది. ఎప్పుడూ పాడే శ్రుతిలోనే ఎత్తుకోవాలి. పాడేవాళ్ళ గొంతు పగిలిందా, ఆ పాట ఇంక వేరేవాళ్ళది.

ఆ ఏడు థెరెజాకి దగ్గు పట్టుకుంది. అది తగ్గింది గానీ గొంతు పైకి ఎక్కనంది. "పోయినేడు కోయిల, ఈయేడు కప్ప" అని పక్కింటి బ్రిగిత్తా ముసిముసిగా నవ్వింది.

అప్పుడు మినా, "అమ్మా, కాస్త కింద శ్రుతిలో ఎత్తుకుందామే" అంది.

"ఊరుకోవే. ఎత్తుకోగానే పట్టేస్తారు. ఆ పాట పోయిందంటే నేనింక నోరు విప్పను" అంది తల్లి.

పండగ రానే వచ్చింది. మొదటి చరణం బాగానే గడిచింది. రెండో చరణంలో పై స్వరం దగ్గర గొంతు వణికింది. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మూడో చరణం ఇంకా పైకి పోతుంది.

ఆ తర్వాత మినా ఏం చేసిందో తెలుసా? చరణాల మధ్య వాయించే ముక్కని ఆపలేదు. నిద్రపోయే పసిదాన్ని ఉయ్యాల్లోంచి ఒళ్ళోకి మార్చుకున్నట్టు, మెల్లిగా, ఒక్కో స్వరమే దించుకుంటూ పాటని కింద శ్రుతి మెట్టు మీద నిలబెట్టింది.

థెరెజా కూతురి వంక ఒక్కసారి చూసింది. అక్కడే అందుకుంది.

అదే పాట. కానీ ఎండ పోయి సాయంత్రం అయినట్టుంది. గొంతు ఎక్కడా పగల్లేదు. బ్రిగిత్తా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఏం చేశావే థెరెజా? గుండె ఎక్కడికో వెళ్ళొచ్చింది" అంది.

"నేను కాదు, నా కూతురు" అని థెరెజా మినాని చెయ్యి పట్టి అందరి ముందుకీ లాక్కొచ్చింది. తనూ పక్కనే తల ఎత్తుకుని నిలబడింది చూడూ, మహారాణిలా.

అప్పట్నుంచీ ఆ ఊళ్ళో ఎంత గొంతున్నవాళ్ళైనా సరే, మూడో చరణానికి ఆ మెట్టు దిగే పాడతారు. దానికి మినా మెట్టు అని పేరు.

మెట్టు దిగింది పాట,
మెచ్చుకుంది పేట,
కథది కంచి బాట,
మనది నిద్ర బాట.