తెలివేటి వారి ఆటలో ప్రమోషన్లు

మా పక్కింటి వాళ్ళ ఇంటిపేరు తెలివేటి వారు. ఆ పేరు తాతల నాటి నుంచి వచ్చింది కాదు, వాళ్ళే పెట్టుకున్నారు. పాత ఇంటిపేరులో తమ తెలివి సరిగ్గా కనబడటం లేదని మథనపడి, ఒకనాడు కొత్త పేరుతో బోర్డు రాయించి గేటుకి తగిలించారు. తగిలించింది లోపలి వైపు. మన గొప్ప మనకి తెలిస్తే చాలు, వీధిలో పోయేవాళ్ళకి చూపించుకోవడం దేనికి అంటారు. గోడకి ఇవతల ఉన్న పాపానికి వాళ్ళ మాటలన్నీ నా చెవిన పడుతుంటాయి. వినీ వినీ నా బుర్ర అరిగిపోయింది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పెద్దాయన సింహాచలం గారు ఏదో ఆఫీసులో పెద్ద గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన తమ్ముడు గౌరునాయుడు, తమ్ముడి పెళ్ళాం పైడితల్లి. సాయంత్రం అయిందంటే చాలు, ముగ్గురూ వరండాలో చాప పరుచుకుని ఓ పాచికల ఆటకి కూర్చుంటారు. సింహాచలం గారు ఆటపెద్ద. ఆయన కథ చెబుతుంటారు, మిగతా ఇద్దరూ ఆ కథలో చెరో వీరుణ్ణి ఆడిస్తారు. వీరుడు కొండ ఎక్కాలన్నా, రాక్షసుణ్ణి కొట్టాలన్నా పాచిక వెయ్యాలి. గెలిచినప్పుడల్లా వీరుడు ఒక మెట్టు పైకి వెళ్తాడు, బలం పెరుగుతుంది. ఇక కథలో కాపలావాడు, పడవవాడు, వైద్యుడు అంటూ బోలెడంత జనం ఉంటారు. వాళ్ళని ఎవరూ ఆడించరు. వాళ్ళ తరఫున ఆటపెద్దే మాట్లాడతాడు.

పైడితల్లి వీరుడి పేరు వీరమల్లు. వాడంటే ఆ పిల్లకి ప్రాణం. పొయ్యి దగ్గర కూడా వాడి కబుర్లే. వాడికి కంద పడదని ఇంట్లో కంద వండటం మానేసింది. నవ్వొస్తుంది గానీ, నాకు జాలీ వేస్తుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో బావగారి మాట, మొగుడి మాట చెల్లుతాయి గానీ, ఆ పిల్ల మాట చెల్లేది ఆ ఆటలోనే.

ఒకరోజు గౌరునాయుడికి ధర్మసందేహం వచ్చింది. మన వీరులు మెట్లు ఎక్కుతూనే ఉన్నారు, కోట కాపలావాడు మాత్రం ఆట మొదలైన నాటి నుంచి ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, వాడి కాళ్ళు కాళ్ళు కావా అని అడిగాడు. సింహాచలం గారికి కళ్ళు చెమర్చాయి. ఆటతో వచ్చిన పుస్తకం తిరగేస్తే, అలాంటి జనం ఎదుగుదల ఆటపెద్ద ఇష్టమని ఉంది. అంతే, ఆయన లోపలి గుమస్తా నిద్ర లేచాడు. కథలో ఎవరు పని చేస్తే వాళ్ళకి వెంటనే ప్రమోషన్ అన్నారు. ప్రమోషన్ వచ్చినవాడు పాత పని ముట్టుకుంటే కొత్త కుర్చీకి అవమానం కాబట్టి ముట్టుకోకూడదు అన్నారు. తమ్ముడూ మరదలూ చప్పట్లు కొట్టారు.

ఇంకేముంది, ఆట మొదలైంది. వీరులిద్దరూ కోట దగ్గరికి వచ్చారు. కాపలావాడు దణ్ణం పెట్టి తాళంలో చెవి తిప్పాడు. పని చేశాడు కదా, సేనాపతి అయిపోయాడు. సేనాపతి తలుపులు తీస్తాడా? తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. పోనీ ఏటి వైపు నుంచి వెళ్దామని వీరులు పడవ ఎక్కారు. పడవవాడు నడి ఏటి దాకా చక్కగా తీసుకెళ్ళాడు. అంతే, రేవుల అధికారి అయ్యాడు. తెడ్డు నీళ్ళలో పారేసి, కాలు మీద కాలు వేసుకుని, మీరిద్దరూ ఎవరని అడిగాడు. చేసేదిలేక ఇద్దరూ ఈదుకుంటూ ఒడ్డున పడ్డారు. అక్కడ పొదలో ఉన్న పాము వీరమల్లుని కాలి మీద కరిచింది.

పైడితల్లి తన కాలే పట్టుకుంది. ఆటపెద్ద మాత్రం ఆలోచనలో పడ్డారు. ఈ పాముని మనలో ఎవరైనా ఆడిస్తున్నామా అని అడిగారు. లేదన్నారు. దాని పని అది చేసిందా అని అడిగారు. చేసిందన్నారు. అయితే పాముకీ ప్రమోషన్ రావాల్సిందే అని తేల్చి, ఖాళీగా కనబడిన కుర్చీలో కూర్చోబెట్టారు. అది రాజ్యంలో మందులన్నిటి మీదా అజమాయిషీ చేసే కుర్చీ.

ఏటి ఒడ్డున వైద్యుడి గుడిసె ఉంది. గౌరునాయుడి వీరుడు వీరమల్లుని భుజాన వేసుకుని అక్కడికి తీసుకెళ్ళాడు. వైద్యుడు నాడి పట్టుకుని, ఇది పాము కాటు అని సరిగ్గా చెప్పాడు. చెప్పిన మరుక్షణం ఆస్థాన వైద్యుడైపోయి, పట్టుకున్న చెయ్యి అలాగే వదిలేసి కోటకి పల్లకీ ఎక్కాడు. వైద్యుడి భార్య ఆకు నూరడానికి కూర్చుంది. సగం నూరేసరికి ఆవిడా మూలికల అధికారిణి అయి రోలు దగ్గర్నుంచి లేచిపోయింది. మిగిలిన ఆకు ముట్టుకోవాలంటే మందుల అధికారి అనుమతి కావాలంది. ఆ అధికారి పాము. వెళ్ళి మొరపెట్టుకుంటే, కరిచింది తనేనని రుజువు చూపించమంది. రుజువుకి వీరమల్లు కాలు దగ్గర పెడితే మళ్ళీ కరిచింది. ఇది పాత కాటు కాదు, రుజువు పరిశీలన, కాబట్టి కొత్త కుర్చీ పని చేసినట్టే. పాము మంత్రి అయిపోయింది.

అప్పటికి వీరమల్లు నోట నురగ వస్తోందని ఆటపెద్ద చెప్పారు. పైడితల్లి లేచి బావగారి ముందు చేతులు జోడించింది.

"బావగారూ, ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది వాడొక్కడే. ఆ వైద్యుణ్ణి ఒక్క గడియ కిందికి దించండి. వాడు బతికాక మళ్ళీ ఎక్కిద్దురుగాని."

సింహాచలం గారు పుస్తకం మళ్ళీ తిరగేశారు. "తప్పు చెయ్యనివాణ్ణి ఎలా దించుతానమ్మా? ఏదో ఒక తప్పు చేస్తే దించొచ్చు."

అయితే వైద్యుడి చేత తప్పు చేయిద్దామని గౌరునాయుడు ఎగిరి గంతేశాడు. కానీ ఎలా? తప్పు చెయ్యాలంటే ముందు ఏదో ఒక పని చెయ్యాలి. ఆస్థాన వైద్యుడు ఏ పనీ చెయ్యడు. అంత ఎత్తున కూర్చున్నవాడి వల్ల తప్పు జరగడానికి సందే లేదని ముగ్గురూ ఒప్పుకున్నారు. గోడ ఇవతల నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ ఆకేదో మీ రెండో వీరుడే నూరిపొయ్యొచ్చు కదయ్యా అని కేకేశాను. గౌరునాయుడు నొచ్చుకున్నాడు. వీరుడు ఆకులు నూరతాడా అన్నాడు.

అంతే. ఈ చర్చ నడుస్తుండగా వీరమల్లు పోయాడు.

ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. పైడితల్లి గుండెలవిసేలా ఏడ్చింది. నేను సాంబారన్నం పట్టుకెళ్తే ముద్ద కూడా ముట్టలేదు. సింహాచలం గారు తల పట్టుకుని కూర్చున్నవారు, ఉన్నట్టుండి మరదల్ని పిలిచారు.

"పైడితల్లీ, చచ్చిపోయినవాణ్ణి ఇక నువ్వు ఆడించవు కదా. అంటే వాడిప్పుడు ఎవరూ ఆడించని జనంలో చేరినట్టే. చావడం కూడా ఎక్కడా పొరపాటు లేకుండా చచ్చాడు. వాడికి ప్రమోషన్ ఎగ్గొట్టే హక్కు నాకు లేదు."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఏ ఉద్యోగం ఇస్తారని అడిగింది. ఏటి ఒడ్డున వైద్యుడి చోటు ఖాళీగా ఉంది కదా అన్నారాయన. ఇంకేముంది, ఆ పిల్ల ముఖం మతాబులా వెలిగిపోయింది. పాకం పట్టి బెల్లం గవ్వలు చేసి వీధంతా పంచింది. మా వీరమల్లు వైద్యుడయ్యాడండీ అని నా చేతిలోనూ నాలుగు పెట్టింది. చచ్చినవాడు వైద్యం ఎలా చేస్తాడే అంటే, ఇదివరకటాయన బతికుండి ఏం చేశాడండీ అని అడిగింది. నేను ఒక గవ్వ నోట్లో వేసుకున్నాను.

మర్నాడు ఆటలో గౌరునాయుడి వీరుడికి ఏట్లో ఈదినందుకు చలిజ్వరం పట్టుకుంది. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి చాప మీద కూర్చోబెట్టారు. నేను గోడ మీంచి, జ్వరం తగ్గిందా అని అడిగాను. గౌరునాయుడు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"నెమ్మదిగా మాట్లాడండి. వైద్యులవారు పడుకున్నారు. లేచాక చూస్తారు."

చూస్తారు చూస్తారని కూర్చుంటే దీపాలు పెట్టే వేళకి ఆ వీరుడూ పోయాడు. ఈసారి ఎవరూ ఏడవలేదు. వాడికి కాంపౌండరు ఉద్యోగం ఇచ్చారు. వైద్యశాలలో ఒక్క పోస్టు కూడా ఖాళీ లేకుండా నింపానని సింహాచలం గారు తృప్తిగా నడుం వాల్చారు.