ఉబ్బితబ్బిబ్బు పుట్టిన చోటు

ఒకానొక రాజ్యాన్ని గంభీరసేనుడనే రాజు ఏలేవాడు. నవ్వితే కిరీటం పరువు పోతుందని ఆయన నమ్మకం. పాపం, ఆయన సభలో తుమ్మాలన్నా అందరికీ భయమే.

పెళ్ళయిన పన్నెండేళ్ళకు రాణి నెల తప్పింది. ఆమెను కనిపెట్టుకుని ఉండే మంత్రసాని నూకమ్మకు రాజు ఏటిగట్టున కాస్త మాన్యం రాసిచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక సొంత నేల ఎరగని మనిషి నూకమ్మ.

"ఉబ్బితబ్బిబ్బయిపోతున్నానయ్యా, మారాజా!" అంది.

రాజు మొహం చిట్లించాడు. "అదేం మాట? మహదానందం అనలేవా?"

"మన నిఘంటువుల్లో ఎక్కడా లేదు ప్రభూ. పామరుల కూత," అన్నాడు ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి.

"అయితే దాని అర్థమేమిటో, అది ఎక్కడ పుట్టిందో సభలో రుజువు చెయ్యి. లేదా మాన్యం వదులుకో," అన్నాడు రాజు.

నూకమ్మ తొణకలేదు. "రాణీగారి పురుడు పోసి వచ్చి చెబుతాను మారాజా. అందాకా గడువియ్యండి," అంది. రాజు సరేనన్నాడు.

రాణికి నెలలు నిండాయి. ఒక పొద్దున సభ నిండుగా ఉండగా నూకమ్మ వచ్చి నిలబడింది.

"రుజువేదీ?" అన్నాడు రాజు.

"తెచ్చాను మారాజా. రాణీగారు ప్రసవించారు. తల్లీ బిడ్డా క్షేమం."

అంతే! రాజు సింహాసనం మీంచి ఒక్క గంతు వేశాడు. రొమ్ము పొంగి అంగరఖా ముడులు రెండు పటపటా తెగిపోయాయి. శుభవార్త తెచ్చినవాళ్ళకు మెడలో హారం ఇవ్వడం ఆ రాజుల ఆనవాయితీ. రాజు హారం తీసి శాస్త్రి మెడలో వేశాడు. "నూకమ్మా, నా తల్లీ!" అంటూ ఆయన్నే గట్టిగా కావలించుకున్నాడు. శాస్త్రి ఊపిరాడక గిలగిలలాడాడు.

"చూశారా మారాజా! పట్టలేనంత సంతోషమొస్తే ముందు రొమ్ము ఉబ్బుతుంది, ఆనక మాటా చేతా తబ్బిబ్బవుతాయి. ఈ మాటను ఏ పండితుడూ కూర్చుని అల్లలేదయ్యా. ఎప్పుడో మీలాంటి తండ్రినొకణ్ణి చూసి పక్కనున్నోళ్ళు అనుంటారు."

రాజు తన కౌగిట్లో ఉన్న గడ్డాన్ని అప్పుడు చూశాడు. ఇక ఆగలేక పకపకా నవ్వేశాడు. "మాన్యం నీదే నూకమ్మా, హారమూ నీదే! శాస్త్రిగారూ, ఆ మాట నిఘంటువులో రాయండి," అన్నాడు. శాస్త్రి హారం తియ్యడానికి చాలాసేపు పట్టింది.

"ఇంకేం కావాలో కోరుకో!"

"నాకేం వద్దు గానీ, పుట్టింది ఆడో మగో అడగరేం మారాజా?"

రాజు నాలిక్కరుచుకున్నాడు.

"ఆడపిల్ల. అచ్చం మీ ముక్కే!"

రాజు వేలి ఉంగరం కూడా ఊడదీసి ఆమె చేతిలో పెట్టి, బిడ్డను చూడాలని పరుగు తీశాడు, అంతఃపురం వైపు కాదు, వంటశాల వైపు.