సన్న బరమా

దుర్ముఖి సంవత్సరం, ఆరుద్ర కార్తె. తొలి వానకు చేను పదునెక్కిన మర్నాడే మైల ఎద్దు కొత్త కాడిమాను మోసుకుని వడ్రంగి ఏదుపంది కొండాచారి ఇంటికి వెళ్ళింది. పాత కాడి విరిగింది. కొత్తదానికి చీలలు దిగే నాలుగు బెజ్జాలు పడితే గానీ అరక కదలదు.

కొండాచారి కొట్టంలో ఒక ఉలి, ఒక సుత్తి, బెజ్జాలు తొలిచే వేపపుల్లంత సన్నటి బరమా. అంతే.

“చీల మొక్కజొన్న కండెంత లావు, బాబాయ్! దీంతో అయ్యే పనేనా?” అంది మైల.

“గుండ్రంగా గీత గీసి, దాని వెంట సన్న బెజ్జాలు వరసగా పెడతాను. సగం ఈ వైపు నుంచి, సగం ఆ వైపు నుంచి. నడిమి ముక్కను ఉలితో రాలుస్తాను. మూడు రోజులు.”

“మూడు రోజులా! అదును ఆగుతుందా?”

పుట్టి బుద్ధెరిగాక మైల తొందరపడింది అదే మొదలు.

కంచె అవతల నుంచి నక్క గోవిందు తొంగి చూసింది. “మామా, నా దగ్గర బరమాకు లావు మొన ఉంది. పొద్దు వాలేలోగా నాలుగూ తోడేస్తా. కూలి వద్దు, పదిమందిలో నా కొట్టం పేరు చెప్పు చాలు.”

కొండాచారి ఆ మొన అందుకుని చూసింది. “దీని మొదలు సన్నం, నీ బరమా పిడి వదులు. ఊగుతుందిరా.”

“గుడ్డ చుట్టి బిగిస్తా. నువ్వు మాత్రం సరిపెట్టుకోవట్లేదా తాతా?”

“నేను ఉన్నదాంతో సరిపెడుతున్నాను. నువ్వు పట్టనిదాన్ని ఇరికిస్తున్నావు. మైలా, బెజ్జాలు మాను చివర్లో పడాలి. మొన ఊగితే చీలుతుంది.”

మైల ఆకాశం వైపు చూసింది. “మన్నించు బాబాయ్,” అని మాను ఎత్తుకుంది.

గోవిందు కొట్టంలో మూడు బెజ్జాలు పడ్డాయి. నాలుగోదాంట్లో గుడ్డ జారింది. మొన పక్కకు ఒరిగింది. గోవిందు ఒళ్ళంతా దాని మీద మోపింది. ఫెళ్ళుమని మాను చివరి నుంచి నడిమి దాకా చీలింది.

“కర్రలోనే దోషం ఉంది మామా!”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట,” అంది మైల. ఆ తర్వాత గోవిందు కొట్టం పేరు పదిమందిలో చెప్పింది కూడా. ఎలా చెప్పాలో అలాగే.

మైల మానును మళ్ళీ మోసుకొస్తే కొండాచారి చీలికను తడిమి చూసింది. “ఇంకో దుంగ ఉందా?”

“ఏడాది ఆరబెట్టింది ఇదొక్కటే బాబాయ్.”

“పచ్చి కర్ర కాడికి నిలవదురా.” అంది కొండాచారి.

సన్న పనిముట్టు ఆలస్యం చేస్తుంది. సరిపడని పనిముట్టు చేటు చేస్తుంది.

ఆ ఏడు మైల రెండెకరాల చేను విత్తనం పడక బీడుగా ఉండిపోయింది.