పందికొక్కు కన్నం

అది కరువొచ్చిన ఏడాది. సర్కారు బియ్యం కొట్టు ఖాళీ. "పందికొక్కులు తినేశాయి దొరా" అన్నాడు తాసిల్దారు.

ఇంగ్లీషు దొర ఆ మాటను 'బాండికూట్' అని తాను కూర్చుతున్న నిఘంటువులో రాసుకుని, అర్థం చెప్పమని వాటిని పట్టే పెంచలయ్యను కొట్టు దగ్గరికే పిలిపించాడు.

"అది తినేదానికన్నా కన్నంలో దాచేదే ఎక్కువ దొరా. తవ్వినోడిదే ఆ గింజ. మేం అట్టనే బతుకుతాం. ఇక్కడ గోనెలు కూడా పోయినాయంటే కన్నం గదంత ఉండాల. ఊళ్లో అంత గది తాసిల్దారు గారికే ఉండాది. తవ్వమంటారా?"

దొర కలం పక్కన పెట్టి లేచాడు. తాసిల్దారు ఇంటి వెనకగదిలో సర్కారు బియ్యం గోనెలు కప్పు దాకా ఉన్నాయి.

"తవ్వినవాడిదే అన్నావుగా. నీకెంత కావాలి?" అన్నాడు దొర.

"పిడికెడు చాలు దొరా. పొద్దున నా బిడ్డ పోయింది. నోట్లో బియ్యం పోసి పంపాల."