ఖాళీ గదిలో ప్రశ్న

తుఫాను వెళ్లిపోయాక నాంచారయ్య కంప్యూటర్ ముట్టుకోలేదు. అసలది ఉన్న గది తాళమే తియ్యలేదు. కంప్యూటర్ నేర్పిన రహమతుల్లా మాస్టారి గడప దగ్గర చతికిలబడి, "నాకీ విద్య వద్దు మాస్టారూ, మీరు నేర్పిందంతా వెనక్కి తీసేసుకోండి" అన్నాడు. విద్యేమన్నా ఒంటిమీద చొక్కానా, విప్పి ఇచ్చెయ్యడానికి! కానీ వాడి మొహం చూశాక ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు.

తుఫాను హెచ్చరిక రాగానే రేవులోని పడవలవాళ్లందరి ఫోన్లకీ పంపే ప్రోగ్రాం వాడే రాశాడు. పంపేముందు అది తెరమీద మర్యాదగా అడుగుతుంది, "పంపమంటారా?" అని. వీడు అవునని కొడితేనే పంపుతుంది. "నన్నడక్కుండా చిటికెన వేలు కూడా కదపదు" అని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు.

"అడిగేముందు తెర ఎదుట మనిషున్నాడో లేడో చూసుకోమనరా. ఒక్క వాక్యం రాస్తే చాలు. లేకపోతే అడక్కుండా పంపెయ్యమను" అని మాస్టారు అప్పుడే చెప్పారు.

"నేను లేకపోవడమేంటి మాస్టారూ!" అని నవ్వేశాడు.

రోజూ తెల్లారకముందే కూర్చుని ప్రోగ్రాంని తనే నడిపేవాడు. తుఫానుకి ముందురోజు స్నేహితుడి పెళ్లికి గుడివాడ వెళ్తూ, దానంతటదే మొదలయ్యేలా టైము పెట్టి, గదికి తాళమేసుకుని పోయాడు. హెచ్చరిక వచ్చింది. ప్రోగ్రాం అడిగింది. ఖాళీ గది ఏం చెబుతుంది? జవాబు కోసం అలాగే కాచుక్కూర్చుంది. పడవలు సముద్రం మీదికి వెళ్లిపోయాయి. అన్నీ ఎలాగో తిరిగొచ్చాయి, మేనమామ ఏడుకొండలు పడవ తప్ప.

మాస్టారు వాణ్ని ఓదార్చలేదు. చెప్పులేసుకుని, "పద, మీ అత్తను చూసొద్దాం" అన్నారు.

మామ పోయాక ఆ గడప తొక్కలేదు వాడు.

అత్త లంకమ్మకి అంతా తెలుసు. అయినా చాప పరిచి, "అన్నం తిన్నావా నాంచారూ?" అంది. దుమ్మెత్తిపోసినా బాగుండేది అనిపించింది వాడికి.

గోడవారన ఒక పీట, దాని ముందు కంచం. కంచంలో అన్నం, చేపల పులుసు. లంకమ్మ ఆ పీట వైపు వంగి, "ఇంకాస్త పులుసు వెయ్యనా?" అని అడిగింది.

మామ కూర్చునే ఆ పీట మీద ఎవరూ లేరు.

గరిటె పట్టుకుని ఆవిడ అలాగే ఆగిపోయింది. పులుసు బొట్లు బొట్లుగా నేలమీద కారింది.

నాంచారయ్య బయటికొచ్చి ఇసుకలో కూలబడ్డాడు. "ఎన్నాళ్లిలా అడుగుతుంది మాస్టారూ? ఎలా ఆపాలి?"

మాస్టారు వాడి పక్కనే ఇసుకలో కూర్చున్నారు.

"ఆవిడకి జవాబు చెప్పడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. నీ గదిలో ప్రోగ్రాం కూడా ఇంకా అడుగుతూనే ఉంది నాంచారూ. దానికి ఆ ఒక్క వాక్యం రాయాల్సింది నువ్వే. వెళ్లి తాళం తియ్యి."