గవ్వమ్మ దాచిన రెక్కలు

ఒకప్పుడు గుర్రాలకు రెక్కలుండేవి. పొద్దు వాలితే చాలు, ఇంత గడ్డి తిని, నాలుగు కాళ్లూ బారచాపి హాయిగా పడుకునేవి.

వాటి పని మబ్బులు తోలడం. వానాకాలం రాగానే మబ్బుల కాపరులు జీనులు పట్టుకుని కొండమీదికి వచ్చేవాళ్లు. గుర్రమెక్కి ఆకాశంలోకి ఎగిరి, మబ్బుల్ని మేకల్లా అదిలిస్తూ పొలాల మీదికి తోలుకొచ్చేవాళ్లు. వానలు అయిపోయాక రెక్కలతో పనిలేదు. భుజం ఒక్కసారి విదిలిస్తే ఊడివచ్చేవి. మళ్లీ ఆనిస్తే అతుక్కునేవి.

ఆ మందలో పెద్దది గవ్వమ్మ. ఒంటినిండా గవ్వల్లాంటి మచ్చలు. ఒక ఏడాది వానలు వెలిశాక అందరి రెక్కలూ తానే పోగుచేసింది.

"మీరు ఎక్కడపడితే అక్కడ పారేస్తారు. చెదలు తింటాయి, ఎలుకలు కొరుకుతాయి. ఇటివ్వండి, నేను భద్రంగా దాచిపెడతాను" అంది.

దాచింది. చాలా భద్రంగా దాచింది.

ఎండలు ముదిరాయి. నేల నెర్రెలు విచ్చింది. కాపరుల పెద్ద ఎరకయ్య జీను భుజాన వేసుకుని, వగరుస్తూ కొండెక్కి వచ్చాడు.

"పెద్దమ్మా, మబ్బులు సముద్రం దగ్గర కాచుకుని ఉన్నాయి. ఊళ్లో చుక్క నీళ్లు లేవు. చల్లిన విత్తనం మాడిపోతోంది. రెక్కలు తియ్యి!"

"ఎంతసేపు నాయనా, ఇట్టే తెస్తా" అంటూ గవ్వమ్మ నాలుగడుగులు వేసింది. ఆగింది. ఇంతకీ తను ఎటు వెళ్తున్నట్టు?

పొదల్లో చూసింది. వాగు ఇసక గిట్టలతో తవ్వింది. తవ్విన చోటే మళ్లీ తవ్వింది. గుహలో వెతికితే, పోయినేడు దాచి మరిచిపోయిన ఉలవలు దొరికాయి. రెక్కలు మాత్రం దొరకలేదు.

"అమ్మమ్మా, దాచినచోటు ఎవరికైనా చెప్పావా?" అని మనవరాలు బొమ్మి అడిగింది.

"చెప్పానే."

"ఎవరికి?"

"అదే గుర్తుకు రావడం లేదు తల్లీ!"

మందంతా ఫక్కున నవ్వింది. "తలైనా మెడమీదే ఉందా, చూసుకో అవ్వా!" అంది ఒక కుర్రగుర్రం.

"అదొక్కటీ ఊడిరాదు గనక మిగిలింది. లేకపోతే అదీ దాచేదాన్ని!" అంది గవ్వమ్మ. అందరికంటే గట్టిగా తానే నవ్వింది.

ఎరకయ్య నవ్వలేదు. ఎండిన పెదాలు తడుపుకుంటూ ఊరివైపు చూస్తున్నాడు. అది చూసి గవ్వమ్మ నవ్వు ఆపేసింది. తలెత్తి గాలిని పిలిచింది.

"ఓ గాలయ్యా! నేనొక మతిలేని ముసలిదాన్ని. నా మరుపుకి ఊరు ఎండుతోంది. ఆ మబ్బుల్ని నువ్వు తోలుకురావా?"

"నాకు దారీతెన్నూ తెలియవమ్మా. ఒకచోట కుమ్మరిస్తా, ఇంకోచోట మరిచిపోతా" అంది గాలి.

"మరుపు సంగతి నాకా చెబుతున్నావు! వెళ్లు నాయనా, వెళ్లు."

గాలి వెళ్లింది. పొద్దువాలేలోగా మబ్బుల్ని తెచ్చి, సగం రాళ్లమీద, సగం చేలమీద ఒలకబోసింది. ఎరకయ్య దోసిలిపట్టి కడుపునిండా తాగాడు. తడుస్తూ ఊళ్లోకి పరుగెత్తాడు. జీను కొండమీదే మరిచిపోయాడు.

వాన వెలిసింది. గుర్రాలు కాళ్లు చాపి పడుకోబోయాయి.

"ఆగండాగండి!" అని గవ్వమ్మ అరిచింది. "గుర్తొస్తోంది. నోటిదాకా వచ్చింది. ఇప్పుడు పడుకుంటే అదీ పోతుంది." ఈసారి ఆమె నవ్వడం లేదు.

"ఇక వచ్చినట్టే" అని కుర్రగుర్రం గొణిగింది. బొమ్మి మాత్రం లేచివచ్చి, అమ్మమ్మ మెడమీద గడ్డం ఆనించింది.

"నువ్వు నిదానంగా ఆలోచించు అమ్మమ్మా. మేం పడుకోంలే. నువ్వు చెప్పగానే అందరం ఎగిరిపోదాం."

ఒక్కొక్కటే మిగతావీ లేచాయి. గొణుక్కుంటూ కుర్రగుర్రమూ లేచింది. గవ్వమ్మ చుట్టూ చేరి, నిలబడే కళ్లు మూసుకున్నాయి.

అప్పటినుంచే గుర్రాలు నిలబడి నిద్రపోతాయి, "ఆఁ, గుర్తొచ్చింది!" అన్న గవ్వమ్మ కేక కోసం ఒక చెవి నిక్కించుకుని.