గుడ్డ మీద మిగిలిన మనిషి

2009 ఏప్రిల్ 21, మంగళవారం. సిద్దిపేటలో ఆ రోజు నలభై మూడు డిగ్రీల ఎండ. మబ్బు తునక లేదు. పది గంటలకే వడగాలి మొదలైంది. వీరేశం మా ఇంటికి వచ్చి, గురువుగారు రోజురోజుకూ వెలిసిపోతున్నారని, ఏదో ఒకటి చెయ్యకపోతే దసరా దాకా ఉండరని అన్నాడు.

అతను చెబుతున్నది గోడమీది గుడ్డ సంగతి.

మా గురువు రాజలింగంగారు అచల మార్గంలో బోధకులు. ఆ మార్గంలో విగ్రహం పెట్టరు, పటం పెట్టరు. గురువు ఎదురుగా కూర్చుంటాడు, మనం వింటాం, అంతే. ముప్పై ఒక్కేళ్లు ఆయన ఒకే గద్దె మీద, పడమటి కిటికీకి ఎదురుగా కూర్చున్నారు. వెనక గోడకు ముదురు ఎరుపు నేతగుడ్డ ఉండేది. ఆ ఫాల్గుణంలో ఆయన జబ్బుపడి లోపలి గదిలో మంచం పట్టారు. గద్దె ఖాళీ అయ్యాకే మేం చూశాం. గుడ్డంతా ఎండకు వెలిసి బూడిదరంగుకు తిరిగింది. ఆయన అడ్డంగా ఉన్న మేర మాత్రం ఎరుపు అలాగే నిలిచింది. తల, భుజాలు, మడిచిన మోకాళ్లు. కూర్చున్న మనిషి.

మొదట చూసి నవ్వుకున్నాం. తర్వాత ఎవరో దండం పెట్టారు. ఒకనాడు లోపలి గదిలో గురువుగారు దగ్గారు. దగ్గు వినగానే మేమంతా తలెత్తి చూసింది గుడ్డవైపు.

అడ్డం లేకపోవడంతో ఇప్పుడు ఎండ నేరుగా ఆ ఆకారం మీద పడుతోంది. అది రోజూ కాస్త పలచనవుతోంది. లోపల ఆయనా రోజూ కాస్త చిక్కిపోతున్నారు. వీరేశం ఆ రెండింటినీ ముడివేశాడు.

తప్పులో నా వాటా ఉంది. అద్దం వేడినే కాదు, రంగును తినేసే అతినీలలోహిత కిరణాలనూ కొంత లోపలికి వదులుతుందని చెప్పింది నేనే. వరంగల్లులో మా కెమిస్ట్రీ లెక్చరర్ వెలుగు తగిలితే నల్లబడే వెండి ఉప్పును గోధుమరంగు సీసాలో పెట్టి బీరువాలో దాచేవాడు. మా బావమరిది ముప్పై ఏళ్లు లారీ తోలాడు. కిటికీవైపు ఉండే కుడి చెంప ముడతలు పడి వాళ్ల నాన్న చెంపలా అయింది, ఎడమ చెంప పెళ్లినాటిదే. ఇవన్నీ చెప్పాను. వీరేశానికి కారు అద్దాలకు ఎండ ఆపే ఫిల్మ్ వేసే దుకాణం ఉంది. ఇంకేం కావాలి?

మర్నాడే సబ్బునీళ్లు చిలకరించి, రబ్బరు పట్టీతో బుడగలు నొక్కి, కిటికీకి ఫిల్మ్ అంటించాడు. ఒక్క ముడత రానివ్వలేదు. గదిలో వెలుగు మారిపోయింది. చెరువు అడుగున కూర్చున్నట్టుంది. ఆ వెలుగులో ఎరుపు ఇంకా చిక్కగా కనిపించింది. మాటలు వాటంతటవే తగ్గాయి. ఆకారం తల కొంచెం ఎత్తిందని ఒకరన్నారు. ఎవరూ కాదనలేదు.

నాలుగో రోజు సాయంత్రం అలాగే కూర్చుని ఉన్నాం. వంట చూసే కళమ్మ ఊరెళ్లింది. వెనక కాళ్లు ఈడుస్తున్న చప్పుడైంది. ఎవరూ తిరగలేదు. కాసేపటికి నా పక్కన ఎవరో కూలబడ్డారు. చూస్తే గురువుగారు. గోడ పట్టుకుని వచ్చారు. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. ముప్పై ఒక్కేళ్ల ఎదురెండకు ముఖమంతా నల్ల మచ్చలు. ఆయన కూడా మాలాగే గుడ్డకు దండం పెట్టి కూర్చున్నారు.

"ఎవరు బిడ్డా ఆయన?" అని వీరేశాన్ని అడిగారు.

"మీరే గురువుగారూ."

"మంచోడే ఉన్నడు. ఎండ తగలలే." కాసేపు చూశారు. "జర మంచినీళ్లు తే."

వీరేశం పరుగున గ్లాసు తెచ్చాడు. గురువుగారు అందుకోలేదు.

"ముందుగాల ఆయనకియ్యి."

వీరేశం మా అందరి ముఖాలూ చూశాడు. గ్లాసు పట్టుకుని గోడదాకా నడిచాడు. ఎర్రటి తలకు ఎదురుగా నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ గుడ్డ తాగుతుందేమోనని నేను నిజంగా ఎదురుచూశాను. గ్లాసు వంగి కొన్ని నీళ్లు గద్దె మీద ఒలికాయి.

"పొద్దుగాల నుంచి ఇద్దరం నీళ్లు అడుగుతున్నం," అన్నారు గురువుగారు. "ఆయన గొంతే మీకు ఇనవడ్డట్టుంది."

వీరేశం వెనక్కి వచ్చి మోకాళ్లమీద కూర్చుని గ్లాసు ఆయన పెదవులకు ఆనించాడు. ఆయన ఆగి ఆగి మొత్తం తాగారు.

"అది నేను కాదు బిడ్డా," అన్నారు. "నేను ఎండకు అడ్డమున్న జాగ."

వీరేశం లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, ఫిల్మ్ మూల గోటితో లేపి, ఒక్క లాగులో ఊడదీశాడు. పడమటి ఎండ మా ముఖాల మీద పడింది.

పై ఏటి ఎండలకు గుడ్డ మీద మనిషి పూర్తిగా పోయాడు. అదంతా ఒకే బూడిదరంగు. గురువుగారు ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర ఉన్నారు. పొద్దున దుకాణం తెరవకముందు, సాయంత్రం మూశాక, వీరేశం ఆయన మంచం పక్కనే ఉండేవాడు.

ఆయన పోయాక, ఎవరికి ఏమివ్వాలో రాసిపెట్టిన కాగితం చదివారు. గద్దె కళమ్మకు. ఇల్లు, వెనక జామతోట పట్నంలో ఉండే కొడుక్కి. తంబూర నాకు, వాయించడం రాదని ఆయనకు తెలుసు. ఎర్రగుడ్డ ఎవరైనా ఇల్లు తుడుచుకోవడానికి. వీరేశం పేరు ఎక్కడా లేదు. ఎందుకని మాలో ఒకరిద్దరు గుసగుసలాడారు. అతను అడగలేదు.